యజమాని లేని సొమ్ము

ప్రశ్న:

అక్కయ్య గారికి నమస్కారం. మాది గుణుపురం. గ్రామీణ బ్యాంకులో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాను. సర్వీసంతా రాయగడ, గజపతి జిల్లాల బ్రాంచీల్లోనే గడిచింది. సవర పల్లెల్లో మహిళా సంఘాలకు అప్పులివ్వడం, వసూలు చేయడం నా పని. ఇప్పుడు ఒక సంస్థ నన్ను తమ బోర్డుకు చైర్‌పర్సన్‌గా రమ్మంటోంది. అది లాభం కోసం నడిచేది కాదు. విదేశాల్లో దాతల దగ్గర డబ్బు సేకరించి, తూర్పు ఆఫ్రికాలోనూ మన దగ్గరా రైతు కంపెనీలకు, చిన్న ప్రాసెసింగ్ యూనిట్లకు అప్పుగానో వాటాగానో పెడతారు. తిరిగొచ్చిన డబ్బు ఇంకొకరికి ఇస్తారు. దీన్ని ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్ అంటున్నారు. ఇక్కడి పని కోసం భువనేశ్వర్‌లో సెక్షన్ 8 కంపెనీ, అంటే సభ్యులకు లాభం పంచని కంపెనీ, పెట్టారు. బోర్డులో ఏడుగురు. ఈ జిల్లా మనిషిని నేనొక్కదాన్నే అవుతాను.

ఆరు నెలలుగా నన్ను ఊరికే పక్కన కూర్చోబెట్టి మీటింగులు చూపిస్తున్నారు. అన్నీ ఆన్‌లైన్‌లో, ఇంగ్లిష్‌లో. ముందురోజు రాత్రి తొంభై పేజీల కాగితాలు వస్తాయి. సంస్థ పెట్టినాయనే మేనేజింగ్ డైరెక్టరు. మంచివాడు, కష్టజీవి. కానీ ఆయన మాట్లాడాక ఇంకెవరూ మాట్లాడరు. ఇంతకు ముందున్న చైర్మన్ ఏడాది తిరక్కుండానే తప్పుకున్నారు. ఎందుకో ఎవరూ చెప్పరు. ఇప్పుడు ఒక జీడిపప్పు యూనిట్‌లో పెద్ద మొత్తం పెట్టబోతున్నారు. బోర్డులో ఒకాయన బావమరిదికి అందులో వాటా ఉందని బయట విన్నాను. మీటింగులో ఆ మాట రాలేదు.

ఇంత గౌరవం ఎవరికి దక్కుతుంది, ఒప్పుకో అంటారు మా ఆయన. ఎక్కడా సంతకం పెట్టకమ్మా, రేపు కేసులు నీ మీదకొస్తాయి అంటాడు విశాఖలో ఉన్న మా అబ్బాయి. నెలాఖరుకు జవాబు చెప్పాలి. రాత్రిళ్లు ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

– ఒక సోదరి, గుణుపురం

సమాధానం:

చెల్లెమ్మా,

బోర్డులోకి వెళ్లండి. చైర్‌పర్సన్ కుర్చీలో మాత్రం ఇప్పుడే కూర్చోకండి. ఒక ఏడాది మామూలు సభ్యురాలిగా ఉండండి. ఆ ఏడాదిలో కొన్ని విషయాలు తేలితే, అప్పుడు ఆ కుర్చీ మీకంటే తగినవాళ్లు ఆ ఏడుగురిలో ఎవరూ ఉండరని నా నమ్మకం. ఎందుకలా అంటున్నానో కొంచెం వివరంగా చెబుతాను.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది “ఆయన మాట్లాడాక ఇంకెవరూ మాట్లాడరు” అన్న మాట. బ్యాంకులో మీరు ముప్ఫై ఏళ్లు చూసిన సొమ్ముకు యజమానులున్నారు. డిపాజిట్ వేసినవాడు వచ్చి అడుగుతాడు. ఆడిటర్ అడుగుతాడు, రిజర్వు బ్యాంకు అడుగుతుంది. మామూలు కంపెనీ అయితే డివిడెండ్ రాలేదని వాటాదారుడు గొడవ చేస్తాడు. ఈ సంస్థ సొమ్ముకు అలాంటి మనిషి లేడు. ఎక్కడో దూరదేశంలో ఉన్న దాత, తిరిగి రాదని తెలిసే ఇచ్చాడు. సెక్షన్ 8 కంపెనీ లాభం పంచకూడదు కాబట్టి అందులో సభ్యులుగా ఉన్నవాళ్లకూ డబ్బు పరంగా అడగవలసిన అవసరం రాదు. అప్పు తీసుకున్న సవర ఆడమనిషికి భువనేశ్వర్‌లో ఒక బోర్డు ఉందనే తెలియదు. మన ఊళ్లలో దేవుడి మాన్యానికి ధర్మకర్తను పెట్టింది ఇందుకే కదా. దేవుడు లెక్క అడగడు. కౌలు ఎవరికి ఎంతకు పోయిందో ఏటా అడిగే మనిషి లేకపోతే ఆ భూమి మెల్లమెల్లగా ఎవరి చేతిలోకి పోతుందో మన రెండు జిల్లాల్లో ఎన్ని ఊళ్లలో చూడలేదు! మీరు వెళ్తున్నది ధర్మకర్త పనికి. అక్కడ ఏడుగురూ మౌనంగా ఉంటే అడిగేవాళ్లు లోకంలో ఇంకెవరూ లేరు.

నేనూ ఒకప్పుడు ఇలాంటి ఒక సంస్థ బోర్డులో కొన్నేళ్లు ఉన్నాను. పేరు చెప్పను. కొండ పల్లెల్లో పసుపు పండించే ఆడవాళ్లకు అప్పులిచ్చే పథకం ఒకటి మా ముందుకు వచ్చింది. కాగితాలు చక్కగా ఉన్నాయి. వాయిదాలు ఆరో నెల నుంచి మొదలు. బల్ల చుట్టూ ఉన్న మేమందరం చదువుకున్నవాళ్లమే. పసుపు వేసిన ఎనిమిది తొమ్మిది నెలలకు గానీ తవ్వరని నాకు తెలుసు. నేను పర్లాకిమిడిలో పుట్టి పెరిగినదాన్ని, తెలియకపోవడమేమిటి. అయినా ఆ రోజు నోరు తెరవలేదు. అందరూ సరే అంటున్నారు, నేనొక్కదాన్నే ఎందుకు అడ్డుపడాలి అనుకున్నాను. ఏడాది చివర నూటికి నూరు శాతం వసూలైందని రిపోర్టు వచ్చింది. మేం చప్పట్లు కొట్టాం.

తరువాత ఒకసారి ఆ పల్లెకు వెళ్లాను. ఒకామె నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, చాలా మామూలుగా చెప్పింది: మీ వాయిదా కట్టడానికి షావుకారు దగ్గర తెచ్చాం, పసుపు తవ్వాక ఆయన చెప్పిన ధరకే ఆయనకు వేశాం అని. కోపంగా కూడా అనలేదు. మా నూరు శాతం వసూలులో షావుకారు వడ్డీ ఎంతుందో ఏ పేజీలోనూ లేదు. ఆమె మాట ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. మీకు ఈ జవాబు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే.

ఈ పేరు కొత్తది గానీ పని కొత్తది కాదు. ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్ అన్న మాట 2007లో ఇటలీలోని బెల్లాజియోలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పెట్టిన సమావేశంలో పుట్టింది. దానికి ముందే, 1999లో మొదలైన రూట్ క్యాపిటల్ అనే అమెరికా సంస్థ లాటిన్ అమెరికా, ఆఫ్రికాల్లో కాఫీ రైతుల సహకార సంఘాలకు అప్పులిస్తోంది. 2001లో పెట్టిన అక్యుమెన్ దాతల సొమ్మును తొందరపెట్టని పెట్టుబడిగా మన దేశంలోనూ ఆఫ్రికాలోనూ పెడుతోంది. రెండూ లాభాపేక్ష లేనివే. ఇంకా వెనక్కి వెళితే మన సహకార పరపతి సంఘాల చట్టం 1904 నాటిది. మీ గుణుపురం వైపు గిరిజనుల కోసం పెట్టిన లాంప్స్ సహకార సొసైటీల్లో ఏం బాగా నడిచిందో, ఏది ఎందుకు మూతపడిందో మీరు కళ్లారా చూశారు. బోర్డులో మిగతా ఆరుగురి దగ్గర లేని చదువు అది.

ఈ రంగంలో బోర్డులు పక్కకు జారితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. పేదలకు చిన్న అప్పులిచ్చే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 1990ల చివర మెదక్ వైపు లాభాపేక్ష లేని సంస్థగానే మొదలైంది. తరువాత వ్యాపార కంపెనీగా మారింది. 2010 ఆగస్టులో షేర్లు మార్కెట్‌లోకి వచ్చాయి, జనం ఎగబడి కొన్నారు. సరిగ్గా రెండు నెలలకు, వసూళ్ల ఒత్తిడితో ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న వార్తల మధ్య, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సు తెచ్చింది. రాష్ట్రమంతటా వాయిదాలు ఆగిపోయాయి. ఆ దెబ్బతోనే రిజర్వు బ్యాంకు మాలెగాం కమిటీ వేసి, ఈ అప్పులకు కొత్త నిబంధనలు పెట్టింది. అప్పుడు తప్పంతా వసూలు కుర్రాళ్లదని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. ఒక్కో ఇంట్లో ఎన్ని అప్పులున్నాయి, ఇంత వేగంగా పెరగాలా అని పైన బోర్డు గదుల్లో అడగవలసినవాళ్లు అడగలేదు. మీ సంస్థ కూడా కొన్నిచోట్ల వాటాలు తీసుకుంటుందన్నారు కదా. ఆ వాటాను రేపు ఎవరికి అమ్ముతారు, పల్లె చేతిలో ఉన్న యూనిట్ పెద్ద వ్యాపారి చేతిలోకి పోకుండా ఒప్పందంలో ఏం రాసుకున్నారు? డబ్బు పెట్టేముందే అడగాలి. పెట్టాక అడిగితే ఎవరూ వినరు.

ఇక బావమరిది సంగతి. కంపెనీల చట్టం బంధువు అంటే ఎవరో జాబితా ఇచ్చింది: భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఉమ్మడి కుటుంబ సభ్యులు. బావమరిది పేరు అందులో లేదు. అందుకే ఆయన మీటింగులో చెప్పకపోయినా, నేను తప్పు చేయలేదని కాగితం చూపించగలరు. కానీ మన ఇళ్లలో బావమరిది అంటే ఎవరు? పెళ్లిలో కాళ్లు కడిగిన దగ్గర్నుంచి ఇల్లు కట్టేటప్పుడు చేబదులు ఇచ్చేదాకా అతనే. కాబట్టి మీరు చట్టం దగ్గర ఆగిపోకండి. బోర్డు తనకంటూ ఒక రాతపూర్వక నియమం పెట్టుకోవాలి. బావమరిది, వదిన, వియ్యంకుడు, వ్యాపారంలో భాగస్వామి, ఎవరి లాభం ఉన్నా సభ్యుడు ముందే చెప్పాలి. చెప్పి, ఆ అంశం నడుస్తున్నంతసేపు గది బయట ఉండాలి. ఆన్‌లైన్ అయితే లైన్ కట్ చేసుకోవాలి. ఉండి ఓటు వేయకపోతే చాలదు. పెద్దమనిషి ఎదురుగా కూర్చుని ఉంటే ఎవరు నిజం మాట్లాడతారు!

అయితే విన్న మాట పట్టుకుని ఎవరినీ నిలదీయకండి. ఆ జీడి యూనిట్ కంపెనీగా రిజిస్టరైతే దాని వార్షిక రిటర్నులు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. వాటాదారుల పేర్లు అక్కడ ఉంటాయి. కాగితం చేతికొచ్చాక ముందుగా ఆ సభ్యుడితోనే విడిగా మాట్లాడండి. ఈ విషయం మీరే బోర్డులో చెబితే బాగుంటుంది అనండి. చాలామంది నిజంగానే అది చెప్పవలసిన సంగతని అనుకోరు. చెప్పే అవకాశం ఆయనకు ఇవ్వాలి.

మీ అబ్బాయి భయం గురించి. అతని మాట కొట్టిపారేయడానికి లేదు. డైరెక్టరు చిత్తశుద్ధితో, తగిన శ్రద్ధతో పనిచేయాలని, తన లాభం చూసుకోకూడదని చట్టంలో 166వ సెక్షన్ చెబుతుంది. తప్పితే లక్ష నుంచి ఐదు లక్షల దాకా జరిమానా. వరసగా మూడేళ్లు రిటర్నులు దాఖలు చేయని కంపెనీ డైరెక్టర్లు ఐదేళ్లు అనర్హులవుతారు. కానీ రోజువారీ పని చూడని డైరెక్టరు మీద ప్రతి తప్పూ వచ్చి పడదు. అది మీకు తెలిసి, బోర్డు ద్వారా జరిగి, మీరు ఒప్పుకునో శ్రద్ధ లేకనో ఊరుకున్నప్పుడు బాధ్యత మీదవుతుంది. కాబట్టి ఊరుకోకపోవడమే మీకు రక్షణ. మీరు అడ్డుచెప్పిన మాట మినిట్స్‌లో ఎక్కిందో లేదో తరువాతి మీటింగులో చదివి చూసుకున్నాకే సరే అనండి. డైరెక్టర్ల బాధ్యతకు బీమా ఉందేమో కూడా అడగండి. విదేశీ విరాళాల చట్టం ఇంకొకటి ఉంది. 2020 సవరణ తరువాత విరాళం ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాకే రావాలి, పాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఆ సొమ్ము ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. విరాళంగా వచ్చిన రూపాయి, పెట్టుబడిగా వచ్చిన రూపాయి వేరువేరు దారుల్లో రావాలి, వేరువేరు పుస్తకాల్లో ఉండాలి. సంస్థ ఆడిటర్ చేత ఈ లెక్కను రాతపూర్వకంగా తెప్పించుకోండి. బ్యాంకులో చేసినదానికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

దానికంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. అసలు డబ్బు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది భువనేశ్వర్ బోర్డా, విదేశంలోని మాతృసంస్థా? పెట్టుబడుల కమిటీ అని ఒకటి అక్కడ కూర్చుని అన్నీ తేల్చేసి, మీ బోర్డుకు సంతకం కోసం పంపుతుంటే, మీ కుర్చీకి అధికారం ఉండదు, బాధ్యత మాత్రం ఉంటుంది. గిరిజన జిల్లా నుంచి ఒక మహిళ మా చైర్‌పర్సన్ అని దాతల ముందు చెప్పుకోవడానికి మిమ్మల్ని పిలవలేదని నేను అనుకోవాలనే ఉంది. కానీ అది మీరు తేల్చుకోవాలి. గత రెండేళ్లలో ఈ బోర్డు వద్దన్న ప్రతిపాదన ఒక్కటైనా ఉందా అని అడగండి. ఒక్కటీ లేదంటే మీకు జవాబు దొరికినట్టే.

రూపాయి విలువ పడితే నష్టం ఎవరిదో కూడా అడగండి. ఇది చాలా బోర్డుల్లో ఎవరూ ముట్టుకోని విషయం. 2010లో డాలరు 45 రూపాయల దగ్గర ఉండేది. 2024 చివరికి 85 దాకా వచ్చింది. లక్ష డాలర్లు అప్పుగా తెచ్చుకున్నప్పుడు 45 లక్షలైతే, అసలు తీర్చేనాటికి 85 లక్షలు కావాలి. వడ్డీ దీనికి అదనం. ఆ 40 లక్షల తేడా రైతు కంపెనీ మోస్తుందా, సంస్థ మోస్తుందా? ఒప్పందంలో ఎక్కడో చిన్న వాక్యంగా ఉంటుంది. ఆ వాక్యం వెతికి పట్టుకోండి.

ఇంగ్లిష్ గురించి మీరు దిగులుపడొద్దు. మీటింగుకు కనీసం ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలని చట్టమే చెబుతుంది. కాగితాలు కూడా అప్పుడే రావాలని, ప్రతి పెట్టుబడికీ రెండు పేజీల సారాంశం తెలుగులోనో ఒడియాలోనో కావాలని అడగండి. అది మీ ఒక్కరి కోసం కాదు. ఆ రెండు పేజీలు పల్లెలో చదివి వినిపించగలిగేలా ఉంటేనే ఆ పెట్టుబడి ఎవరి పేరున వస్తోందో వాళ్లకు తెలుస్తుంది. మీరు తెలుగులో మాట్లాడితే అనువాదం చేసే మనిషిని పెట్టుకోవడం అంత డబ్బున్న సంస్థకు కష్టమేమీ కాదు. సెక్షన్ 8 కంపెనీ ఆరు నెలలకో మీటింగు పెడితే చట్టానికి చాలు, కానీ అప్పులిచ్చే సంస్థకు అది చాలదు. ఏడాదికి నాలుగైనా ఉండాలి. అందులో ఒకటి జీడి సీజన్లో, గుణుపురంలోనో రాయగడలోనో జరగాలి. విదేశంలో ఉన్న సభ్యులు కూడా రైలెక్కి రావచ్చు.

వచ్చినవాళ్లను యూనిట్‌కు తీసుకెళ్లండి. 80 కిలోల బస్తా జీడిపిక్కకు రైతుకు ఏం ముట్టిందో, అదే వారం పలాసలో ధర ఎంతుందో పక్కపక్కన పెట్టి చూపించండి. పిక్క కోసే ఆడవాళ్ల వేళ్లు చూపించండి. పిక్క తొక్కలోని నూనెకు చర్మం ఎలా కాలిపోతుందో మీకు నేను చెప్పాలా. ఎంతమందికి ఉపాధి అని రిపోర్టులో ఒక అంకె ఉంటుంది. ఆ అంకె పక్కన చేతికి గ్లౌజు ఉందా, కిలోకు కూలి ఎంత, పని లేని నెలలు ఎన్ని అన్నవి కూడా ఉండాలని మీరు అడిగితే కాదనడానికి ఎవరికీ నోరు రాదు. ఇంకో ప్రశ్న మీరు మాత్రమే అడగగలరు. టాంజానియా పిక్క ఓడల్లో మన దేశానికీ వస్తుంది. మీ సంస్థ తూర్పు ఆఫ్రికాలో కూడా డబ్బు పెడుతోందన్నారు. అక్కడి జీడి రైతుకు చేసే మేలు, ఇక్కడి రైతు ధరను తగ్గిస్తుందా? రెండు చోట్లా మేలు జరిగే దారి ఉండొచ్చు. కానీ రెండు దేశాల ఫైళ్లను ఒక బల్ల మీద పెట్టి చూసినవాళ్లు ఉండాలి కదా.

బోర్డులో అప్పు తీసుకున్నవాళ్ల మనుషులు కూడా ఉండాలని ఏడాదిలోపు మీరు ప్రతిపాదించాలని నా కోరిక. ఇది కుదరని పని కాదు. బంగ్లాదేశ్‌లో గ్రామీణ్ బ్యాంకు బోర్డులో తొమ్మిది స్థానాలకు అప్పు తీసుకున్న సభ్యులే తమ ప్రతినిధులను ఎన్నుకునేలా పెట్టుకున్నారు. అంత దూరం ఎందుకు, మన రాయగడ జిల్లానే చూడండి. నియమగిరి కొండను బాక్సైట్ కోసం తవ్వాలా వద్దా అన్నది పల్లెలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వానాకాలంలో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 పల్లెసభలు కూర్చుని, పన్నెండూ వద్దన్నాయి. తమ కొండ గురించి అంత స్పష్టంగా చెప్పగలిగినవాళ్లు తమ అప్పు వాయిదా ఏ నెలలో ఉండాలో చెప్పలేరా? ఒక్క సీటు ఇచ్చి, ఒకామెను తెచ్చి మూల కూర్చోబెట్టడం వద్దు. కనీసం ఇద్దరు ఉండాలి. ఒకరి ముఖం చూసి ఇంకొకరికి ధైర్యం వస్తుంది.

సంస్థ పెట్టినాయన మంచివాడన్నారు. నమ్ముతాను. ఇలాంటి సంస్థలు ఎవరో ఒకరు పిచ్చిగా ప్రేమించి కష్టపడితేనే నిలబడతాయి. ఆయనతో శత్రుత్వం పెట్టుకోవద్దు. ఆయన వేరు, బోర్డు వేరు అని ఆయనకు అర్థమయ్యేలా చెప్పగలిగే వయసు, అనుభవం మీకున్నాయి. మీరు ఇంటికి పిలిచి భోజనం పెట్టి మాట్లాడండి: నేను చైర్‌పర్సన్ అయిన రోజున అజెండా నేను చూస్తాను, మీ పని ఎలా ఉందో ఏడాదికోసారి మీరు లేనప్పుడు బోర్డు మాట్లాడుకుంటుంది, మీ తరువాత ఎవరు అన్నది ఇప్పటి నుంచే ఆలోచిస్తాం అని. ఆ మాటలు వింటున్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో చూసి మీకే తెలుస్తుంది. ఒప్పుకుంటే ఆయన మీరనుకున్నదానికంటే మంచివాడు. కోపగించుకుంటే ఆ కుర్చీ ఏడాది తరువాత కూడా తీసుకోకండి.

మీ ఆయనకు నా మాటగా చెప్పండి, గౌరవం ఎక్కడికీ పోదని. సభ్యురాలిగా చేరడమూ గౌరవమే.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఏడాది తిరక్కుండా వెళ్లిపోయిన పాత చైర్మన్‌కు ఫోన్ చేయండి. తప్పుకున్న డైరెక్టరు కారణాలు రాసి దాఖలు చేసి ఉంటే ఆ కాగితం కూడా నేను చెప్పిన వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. కానీ కాగితం కంటే మాట నయం. “మీ స్థానంలో నన్ను రమ్మంటున్నారు, నేను తెలుసుకోవలసింది ఏమైనా ఉందా” అని అడిగి ఊరుకోండి. మీరేమీ అందించకండి, ఆయన్నే చెప్పనివ్వండి. ఆరోగ్యం బాగాలేక వెళ్లానని చెప్పవచ్చు, నిజమే కావచ్చు. జీడి యూనిట్ పేరు ఆయన నోట మీకంటే ముందే వస్తే మాత్రం, సభ్యత్వానికి కూడా సంతకం పెట్టేముందు నాకు ఇంకో ఉత్తరం రాయండి. నెలాఖరు గడువు వాళ్లు పెట్టుకున్నది. పదిహేను రోజులు కావాలంటే అడగండి, ఇస్తారు.